నాగావళిలో రెండు కుర్చీల సెలూన్

నమోదు 318

సెలూన్ తెరిచేముందు చేయాల్సిన పనులన్నీ అయ్యాయి. రెండు కుర్చీల మీద వేలాడే పీల్చుడు గొట్టాలు విప్పి, లోపల చిక్కుకున్న వెంట్రుకలు దులిపాను. మా అంతరిక్ష ఓడ నాగావళిలో బరువు తక్కువ. కత్తిరించిన వెంట్రుక నేల మీద పడి ఉండదు, కాసేపు గాలిలో తేలి చివరికి ఏ గాలి జల్లెడలోనో దూరుతుంది. గుప్పెడు వెంట్రుకలు చాలు, ఒక వరస గదులకు ఊపిరి ఆడకుండా చేయడానికి. అందుకే గదుల్లో ఎవరూ గడ్డం గీసుకోకూడదు. ఈ ఓడ మొత్తానికి కత్తి పట్టే అనుమతి ఇద్దరికే ఉంది. మొదటి కుర్చీ నాది, నా పేరు తవిటయ్య. రెండో కుర్చీ నూకరత్నానిది. ఆ అమ్మాయికి పని నేర్పింది నేనే.

ఈ నమోదును ఎవరూ చదవరు. ఓడలో ప్రతి పనిచోటా ఒకటి ఉండాలి కాబట్టి ఉంది. వంటవాళ్ళు మిగిలిన అన్నం గురించి రాస్తారు, నేను వెంట్రుకల గురించి రాస్తాను. అప్పుడప్పుడు నా గురించి కూడా.

గోడ మీది నిబంధనల్లో సగం బార్బర్ ఒంటి గురించే. గోళ్ళు చర్మం దాటకూడదు. ఎదుటివాడి ముఖం ముట్టుకునే ముందు తన ముఖం నున్నగా ఉండాలి. ఉల్లిపాయ తిని కుర్చీ దగ్గరికి రాకూడదు. మేము బృహస్పతి దగ్గరి నుంచి అంగారకుడి ఊళ్ళకు కొండంత మంచు మోసుకుపోతున్నాం, అయినా స్నానానికి ఇచ్చేది రెండు మగ్గులే. ఆ రెండు మగ్గుల్లోనే నేను ఎంత శుభ్రంగా ఉంటానో ఓడలో అందరికీ తెలుసు.

బార్బర్లు ఒకరినొకరు తనిఖీ చేసుకోవాలని కూడా ఉంది. రత్నం కోటు, గోళ్ళు రోజూ నేను చూస్తాను. నన్ను ఆమె చూడడం మాన్పించి చాలాకాలమైంది. గురువును శిష్యురాలు పరీక్షించడం ఏం బాగుంటుంది?

ఈ మధ్య ఆమె రోజూ నా దువ్వెనల పక్కన రెండు లవంగాలు పెడుతోంది. బుగ్గన పెట్టుకోమంటుంది, గొంతుకు మంచిదట. అభిమానం ఉన్న పిల్ల. పెట్టుకుంటున్నాను. కాస్త మంట తప్ప ఏమీ తెలియడం లేదు.

నమోదు 326

నిరుడు తుమ్ముల జ్వరం ఓడంతా తిరిగినప్పుడు చాలామందికి వాసన తెలియడం పోయింది. కొన్నాళ్ళకు అందరికీ తిరిగి వచ్చింది. నాకు రాలేదు.

ఈ రోజు కబురు వచ్చింది. వంటవాళ్ళు, బార్బర్లు, గాలి జల్లెడల దగ్గర పనిచేసేవాళ్ళు డాక్టర్‌కు ముక్కు చూపించుకోవాలట. ఆసుపత్రి గది గుమ్మంలోనే నిలబడి, నాకే ఇబ్బందీ లేదని డాక్టర్ హసీనాకు చెప్పాను. ఆమె ఎవరి చేతికో కట్టు కడుతోంది. తల ఎత్తకుండానే సరేనంది. వచ్చేశాను.

ముక్కిన తువ్వాలును వాసనతో పట్టలేని బార్బర్‌ను కుర్చీ దగ్గర ఉండనివ్వరు. నాకు ఇంకో పని రాదు. వాసన తెలియకపోతే మాత్రం ఏమైంది? నిబంధనలన్నీ తెలుసు, తు.చ. తప్పకుండా పాటిస్తాను. తువ్వాళ్ళను ముక్కుతో చూడలేను కాబట్టి రెండేసి సార్లు ఉడకబెడుతున్నాను.

నమోదు 341

నా కుర్చీ ఖాళీగా ఉంటోంది.

ఎడమ వరస గదుల్లోని మగవాళ్ళు నాకు, కుడి వరసవాళ్ళు రత్నానికి. ఆడవాళ్ళందరూ రత్నం దగ్గరికే వెళతారు. ఎవరైనా కుర్చీ మారాలంటే చీఫ్ ఆఫీసర్ అనుమతి కావాలి. మొదట్లో వారానికి రెండుసార్లు వచ్చే నా వరసవాళ్ళు ఇప్పుడు ఒక్కసారి వస్తే గొప్ప. అడిగితే పని ఎక్కువైందంటారు. కానీ వాళ్ళ గడ్డాలు మాసి ఉండడం లేదు. ఆ సంగతే నన్ను తినేస్తోంది.

ఈ రోజు పీల్చుడు గొట్టాల సంచులు విప్పి చూశాను. నా సంచి అప్పడంలా ఉంది. రత్నం సంచి మూత పడనంతగా ఉబ్బిపోయింది. కుడి వరసలో అంత గడ్డం లేదు.

సన్యాసి కూడా రావడం తగ్గించాడు. సన్యాసి శీతల యంత్రాల గదిలో పనిచేస్తాడు. మేమిద్దరం కుర్రతనంలో ఒకే రేవులో ఓడెక్కినవాళ్ళం. ఇదివరకు గడ్డం అయ్యాక కూడా కుర్చీ దిగకుండా కబుర్లు చెప్పేవాడు. వెనక ఎవరైనా గొణిగితే నవ్వేవాడు. మొన్న వచ్చినప్పుడు పటిక రాయకముందే లేచి వెళ్ళిపోయాడు.

నమోదు 347

చాకిరేవు గది నుంచి తువ్వాళ్ళు తెచ్చుకోవడానికి వెళ్ళాను. దాని వెనక ఉన్న చిన్న గదిలో వెలుతురు కనిపించింది. తొంగి చూస్తే రత్నం ఎవరికో గడ్డం గీస్తోంది. చేత్తో పట్టుకునే చిన్న పీల్చుడు గొట్టం తెచ్చుకుంది. గోడవారగా నా వరసవాళ్ళు ముగ్గురు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. పెట్టె మీద కూర్చుని, సగం ముఖానికి నురగతో ఉన్నది సన్యాసి.

నా ఒళ్ళు మండిపోయింది. నా కుర్చీ ఖాళీగా ఉండగా ఈ మూలన ఏం పని అని అడిగాను. తొందరగా కావాలన్నారు, గీశానంది. సన్యాసి నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

“కత్తి పట్టుకోడం నేర్పింది నాను,” అన్నాను. “నా కడుపు కొట్టడం కూడా నేర్పేనేటి?”

ఆమె ముఖం ఎర్రబడింది. నేను తువ్వాళ్ళు తీసుకోకుండానే బయటికి వచ్చేశాను. వెనకాలే పరుగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“బాబాయ్, ఓసారి డాక్టరమ్మ కాడికి ఎల్దారి రండి. నానూ వొస్తాను. ఎవులికీ సెప్పను.”

నాకు అంతా అర్థమైంది. నా ముక్కు పోయిన సంగతి ఎలాగో కనిపెట్టింది. డాక్టర్ ముందు నిలబెట్టి నిరూపిస్తే మొదటి కుర్చీ తనది. చెయ్యి విదిలించుకుని వచ్చేశాను.

నమోదు 348

చీఫ్ ఆఫీసర్ ఇందుమతి గారికి ఫిర్యాదు పంపాను. నా వరసవాళ్ళను అనుమతి లేకుండా తన వైపు లాక్కుంటోందని రాశాను. అది ఒక్కటే అయితే మందలించి వదిలేస్తారు. కాబట్టి ఇంకో మాట కూడా చేర్చాను. ఆ చిన్న గదిలో బ్లేడ్లు శుభ్రం చేసే నీలిదీపం పెట్టె లేదని, ఒకరికి వాడిన బ్లేడునే ఇంకొకరికి వాడుతోందని అనుమానంగా ఉందని రాశాను. ఆ గదిలో నాకు పెట్టె కనిపించలేదు.

నమోదు 351

ఈ ఓడలో ఫిర్యాదులను భోజనాల హాల్లో, అందరూ తినేశాక, అందరి ముందే విచారిస్తారు. ఇందుమతి గారు పొడవాటి బల్లకు ఆ చివర కూర్చున్నారు. నేను ఈ చివర, రత్నం గోడ దగ్గర.

ఎడమ వరసవాళ్ళు నీ దగ్గరికి ఎందుకు వచ్చారని ఆవిడ రత్నాన్ని అడిగారు. రత్నం ఒక్కసారి నా వైపు చూసింది. ఇప్పుడు నా ముక్కు సంగతి బయటపెడుతుందనుకుని బిగుసుకుపోయాను. ఆమె బయటపెట్టలేదు. వాళ్ళు అడిగారు, నేను గీశాను, తప్పేనంది. బ్లేడ్ల గురించి అడిగితే మాత్రం తలెత్తి, అది అబద్ధమంది. నేను నా మాట మీదే నిలబడ్డాను.

ఇందుమతి గారు మగవాళ్ళ వైపు తిరిగి, మీలో ఎవరికైనా చెప్పేది ఉందా అని రెండుసార్లు అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. సన్యాసి లేవబోయినట్టు కదిలాడు. రత్నం అతని వైపు చూసి అడ్డంగా తలూపింది. మళ్ళీ కూర్చున్నాడు.

బ్లేడ్ల విషయంలో అనుమానం ఉన్నా చాలు, కత్తి పట్టనివ్వరు. రత్నాన్ని గాలి జల్లెడలు శుభ్రం చేసే పనికి పంపారు.

గెలిచాను. ఇంటికి, అంటే సెలూన్‌కు, వచ్చి రెండో కుర్చీ మీద గుడ్డ కప్పాను.

నమోదు 360

ఇప్పుడు ఓడంతా నాదే, అయినా కుర్చీ ఖాళీగానే ఉంది. ఆడవాళ్ళు జుట్టు పెరిగినా టోపీల్లోకి దోపుకుని తిరుగుతున్నారు. మగవాళ్ళ గడ్డాలు మాసిపోతున్నాయి. వచ్చిన ఒకరిద్దరు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంటారు.

రత్నం కోసం పంతం పట్టారు. అందరూ కూడబలుక్కుని నన్ను వెలివేశారు. పట్టనీ. రానివాళ్ళ పేర్లు వారం వారం ఇందుమతి గారికి పంపుతున్నాను. వాళ్ళకు హెచ్చరికలు వెళుతున్నాయి. సన్యాసి పేరు కూడా పంపాను, స్నేహం వేరు, పని వేరు.

అద్దాలు తుడిచాను. కుర్చీల ఇత్తడి మెరిసేదాకా రుద్దాను. మధ్యాహ్నం కోటు మార్చుకున్నాను, మొదటిది మాసిపోకపోయినా.

నమోదు 371

శీతల యంత్రాల గదిలో అమ్మోనియా లీకైంది. సైరన్ మోగగానే మెలకువగా ఉన్నవాళ్ళం మాస్కులు తగిలించుకున్నాం. లోపల డ్యూటీలో ఉన్నది సన్యాసి. మాస్కు పెట్టుకుని వెళ్ళి వాల్వు కట్టేశాడు. అతను కట్టకపోతే ఆ వరసలో నిద్రపోతున్నవాళ్ళు ఎవరూ లేచేవాళ్ళు కాదని ఇంజనీరు చెప్పాడు. కానీ సన్యాసి తన కాళ్ళ మీద బయటికి రాలేదు, మోసుకొచ్చారు.

మాస్కు అంచు చర్మానికి అతుక్కోవాలి. మధ్యలో గడ్డం ఉంటే అతుక్కోదు, ఆ సందులోంచి వాయువు లోపలికి వస్తుంది. ఓడలో సెలూన్ పెట్టిందే అందుకు, అందానికి కాదు. సన్యాసి గడ్డం రెండు వారాల గడ్డం.

బతికాడు. ఊపిరితిత్తులు మాత్రం కాలిపోయాయట.

అతను రావడం లేదని నేను ముందే ఆఫీసర్‌కు తెలిపాను. నా వైపు తప్పేమీ లేదని ఇందులో రాసి పెడుతున్నాను.

నమోదు 372

పైన రాసింది చెరిపేయాలనిపించింది. నమోదులో చెరిపే వీలు లేదు. ఉండనీ.

సన్యాసిని చూడడానికి వెళ్ళాను. ముక్కుకు గొట్టం పెట్టి పడుకోబెట్టారు. మంచం పక్కన కూర్చున్నాను. బాధ, కోపం కలిసి వచ్చాయి. కుర్రతనం నుంచి ఎరిగినవాడిని, ఎవరి మీది పంతం కోసమో నా దగ్గరికి రాకుండా ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అని మందలించాను. అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నేను ఇంకాస్త వంగి, రత్నం అంత ఎక్కువైందా అని అడిగాను.

“దూరం జరుగన్నా,” అన్నాడు. “నీకు దణ్ణం పెడతాను. దూరం జరుగు.”

జరిగాను. కాసేపు ఊపిరి కూడదీసుకుని చెప్పాడు. ఒక్కొక్క మాటకూ ఆగుతూ చెప్పాడు.

“పంతం కాదు. నీ కాడ కూకోలేకపోయేను. నీ ముక్కులోంచి వాసనొస్తంది. సచ్చిన ఎలకలాగ. కత్తట్టుకుని మొకం మీదకి ఒంగితే కడుపులో తిప్పేస్తంది. శానా కాలమైంది.”

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. చెయ్యి దానంతట అదే నా నోటి మీదికి వెళ్ళింది.

“ఎవులూ సెప్పలేదేటి?”

“ఎలగ సెప్తాం? నీకన్నా సుబ్బరమైనోడు ఓడలో లేడని నువ్వే అంటావు కదా. రత్నం సెప్దామంది. మేమే ఒద్దన్నాం, నీ పరువు పోతాదని. గెడ్డాలు పెరిగితే పెమాదమని ఆ పిల్లే దొంగసాటుగా గీసింది. ఆవేళ హాల్లో నాను లేస్తే ఇదంతా సెప్పాలొస్తాదని అదే కూకోబెట్టింది.”

డాక్టర్ హసీనా ఎప్పుడు వచ్చిందో, తెర పక్కన నిలబడి ఉంది. నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి ముక్కులోకి దీపం వేసి చూసింది. వాసన ఎప్పటి నుంచి తెలియడం లేదని అడిగింది. ఈసారి నిజం చెప్పాను.

దీన్ని పీనసం అంటారట. జ్వరం తర్వాత, ఓడలోని పొడి గాలికి ముక్కు లోపలి పొర ఎండిపోయి, పొక్కులు కట్టి, లోపలే కుళ్ళుతుంది. ఇది వచ్చినవాడికి తన వాసన తనకు తెలియదు, చుట్టుపక్కల అందరికీ తెలుస్తుంది. రోజూ ఉప్పునీళ్ళతో కడిగి చుక్కల మందు వేసుకుంటే వాసన అదుపులోకి వస్తుంది. వాసన పట్టే శక్తి మాత్రం తిరిగి వస్తుందో రాదో చెప్పలేనంది. ముక్కులు చూపించుకోమన్న రోజే చూపించి ఉంటే, అని మొదలుపెట్టి ఆగిపోయింది.

తర్వాత ఆమే పళ్ళెం పట్టుకుని నా ముక్కు కడిగింది. పచ్చటి పొక్కులు ఊడి పడ్డాయి. వైద్యం చేసే మనిషి, ఎన్నో చూసిన మనిషి, ముఖం పక్కకు తిప్పుకుంది. పళ్ళెం దగ్గరికి ముక్కు పెట్టి పీల్చాను. నాకు మామూలు నీళ్ళలాగే అనిపించింది.

నమోదు 373

సెలూన్ తెరవలేదు.

నమోదు 375

ఈ రోజూ తెరవలేదు. భోజనం గదికే తెప్పించుకుంటున్నాను. తెచ్చినవాడు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతున్నాడు. ఇదివరకూ అలాగే పెట్టేవాడా, నేను గమనించలేదా అని ఆలోచిస్తున్నాను. అన్నీ ఇలాగే గుర్తొస్తున్నాయి.

ఆమధ్య ఓడలో పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకును తయారుచేసింది నేనే. సంతోషం కొద్దీ చాలాసేపు చేశాను. మీసం కొసలు సరిచేస్తూ, ముఖానికి ముఖం పెట్టి, మంచి భర్త ఎలా ఉండాలో చెప్పాను. ఆ అబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మాటలకు కరిగిపోయాడని అందరికీ చెప్పుకున్నాను.

కెప్టెన్ గారికి గీస్తూ, ఈ కాలం పిల్లలకు శుభ్రత తెలియదని అన్నాను. ఆయన అవునన్నారు. లవంగాలు గుర్తొచ్చినప్పుడు లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. ఎంతకాలం పెట్టింది ఆ పిల్ల ఆ లవంగాలు. ఆమె తినాల్సినవి, తన వాటాకు వచ్చినవి.

జబ్బుకు సిగ్గుపడనక్కర్లేదని డాక్టర్ అంది. నిజమే, జబ్బు నేను తెచ్చుకున్నది కాదు. కానీ ముక్కు పోయిన సంగతి దాచింది నేను. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. మూడు రోజులుగా దాని చుట్టూ తిరుగుతున్నాను తప్ప దాన్ని రాయలేకపోతున్నాను.

చాకిరేవు వెనక ఆ చిన్న గదిలో నీలిదీపం పెట్టె ఉంది. రత్నం మోచేతి పక్కన, వెలుగుతూ ఉంది. నేను చూశాను. చూసి కూడా లేదని రాశాను. అందరి ముందు లేదని చెప్పాను. దీనికి పీనసం కారణం కాదు.

నమోదు 377

గాలి జల్లెడల గదికి వెళ్ళాను. రత్నం మోకాళ్ళ మీద కూర్చుని, జల్లెడలోంచి జడలు కట్టిన వెంట్రుకలు లాగుతోంది. కత్తి పట్టే చేతులు దుమ్ముకు పగిలిపోయి ఉన్నాయి. నేను దూరంగా తలుపు దగ్గరే, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. నన్ను చూసి పని ఆపలేదు.

సన్యాసి అంతా చెప్పాడని, డాక్టర్ మందు ఇచ్చిందని చెప్పాను. నా కోసం అంత చేస్తే నేను ఇలా చేశానని ఏదేదో అన్నాను. మాటలు సరిగ్గా రాలేదు. ఆమె వింటూనే ఇంకో జల్లెడ తీసుకుంది.

“జబ్బు ఎవులికైనా వొస్తాది. దానికి నాకు కోపం లేదు,” అంది. “బ్లేడ్ల మాటో?”

“అబద్ధం రాసేను.”

“దీపం ఎలుగుతంది. మీరు సూసేరు.”

“సూసేను.”

జల్లెడను గోడకేసి తట్టింది. దుమ్ము లేచింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది.

“నా దగ్గరకొచ్చే ఆడోళ్ళు ఇప్పుడు నన్ను సూసి పిల్లల్ని దగ్గరకి లాక్కుంటన్నారు. మురికి బ్లేడ్ల మనిషినట. నాకు సెప్తే ఏటి లాభం? ఆవేళ ఎక్కడ సెప్పేరో అక్కడే సెప్పండి.”

బాబాయ్ అనలేదు. తలుపు దాకా వచ్చాక కూడా, పిలుస్తుందేమోనని ఒక క్షణం ఆగాను.

నమోదు 378

భోజనాలయ్యాక మాట్లాడతానని ఇందుమతి గారిని అడిగాను. ఒప్పుకున్నారు.

లేచి నిలబడ్డాను. ముందు జబ్బు సంగతి చెప్పాను. నా ముక్కులోంచి ఏం వస్తోందో, ఎన్నాళ్ళుగా వస్తోందో, మీరందరూ ఎలా ఓర్చుకున్నారో, డాక్టర్ దగ్గర నేను ఎలా దాచానో చెప్పాను. రత్నం మిమ్మల్ని లాక్కోలేదని, నా పరువు కాపాడుతూ మీ మాస్కులు సరిగ్గా పట్టేలా చూసిందని చెప్పాను. ముఖాలు మెత్తబడ్డాయి. పెళ్ళికొడుకు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పోనీ అన్నా, జబ్బుకు నువ్వేం చేస్తావని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇంకెవరో కూర్చోమన్నారు.

కూర్చోవాలనిపించింది. అక్కడితో ఆపేస్తే అందరూ నన్ను దగ్గరికి తీసేవాళ్ళు. రత్నం గోడ దగ్గర నిలబడి ఉంది. ఆవేళ నిలబడిన చోటే.

“ఇంకోటుంది,” అన్నాను. “నీలిదీపం పెట్టె ఆ గదిలో ఉంది. ఎలుగుతంది. నాను సూసేను. సూసి లేదని రాసేను.”

ఇందుమతి గారు, మళ్ళీ చెప్పండి, అన్నారు. వినబడక కాదు, అందరికీ స్పష్టంగా తెలియాలని. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టమైంది. మెత్తబడిన ముఖాలు ఒకటొకటిగా పక్కకు తిరిగాయి. పోనీ అన్నా అన్న గొంతు మళ్ళీ వినబడలేదు.

రత్నం మీది మచ్చ అక్కడికక్కడే చెరిపేశారు. హెచ్చరికలన్నీ రద్దు చేశారు. మొదటి కుర్చీ ఆమెకు ఇచ్చారు. ముక్కు నయమయ్యేదాకా నేను సెలూన్‌లో అడుగు పెట్టకూడదు, జల్లెడల పని చేయాలి. ఆ తర్వాత కుర్చీ ఇవ్వాలా వద్దా అన్నది రత్నం ఇష్టం.

నమోదు 402

ఇది సెలూన్ నమోదు కాబట్టి ఇన్నాళ్ళూ రాసే హక్కు నాకు లేదు. ఈ రోజు నుంచి రాయమని రత్నం చెప్పింది.

జల్లెడల పనిలో నా చేతులూ పగిలాయి. ఓడంతా రాల్చిన వెంట్రుకలు చివరికి అక్కడికే వస్తాయి. పక్కనున్నవాళ్ళు పని చెప్పడానికి తప్ప నాతో మాట్లాడలేదు. పొద్దుటా సాయంత్రం ముక్కు కడుక్కున్నాను. వాసన తగ్గిందని డాక్టర్ అంది. కానీ ఏ రోజైనా తిరిగి రావచ్చు, వస్తే నాకు తెలియదు. కాబట్టి కుర్చీ దగ్గరికి వెళ్ళేముందు రోజూ ఇంకొకరు నన్ను వాసన చూడాలి. ఆ షరతు మీద పనికి వెళ్ళనిచ్చింది.

నిన్న రత్నాన్ని అడగడానికి వెళ్ళాను. ఇన్ని గడ్డాలకు ఒక్కదాని చేతులు చాలడం లేదంది. రేపు రండి, రెండో కుర్చీ, అంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

ఈ ఉదయం సెలూన్ ముందు పది మందికి పైగా నిలబడి ఉన్నారు. రత్నం నన్ను గుమ్మంలోనే ఆపి, గోళ్ళు చూసింది, కోటు మెడ చూసింది. ముక్కుతో గాలి వదలమంది. ముఖం నా ముఖానికి దగ్గరగా పెట్టి వాసన చూసింది. నేను ఆమె కళ్ళ వైపు చూడలేకపోయాను.

“ఇంకా పోలేదు. మళ్ళీ కడుక్కు రండి.”

వరసలో ఉన్నవాళ్ళందరూ విన్నారు. తిరిగి వెళ్ళి కడుక్కున్నాను. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు కళ్ళ వెనకదాకా మండాయి. మళ్ళీ వచ్చి నిలబడ్డాను. ఈసారి తలూపింది. లోపలికి వెళ్ళి రెండో కుర్చీ మీది గుడ్డ తీశాను.

నమోదు 431

సన్యాసిని ఆసుపత్రి గది నుంచి పంపేశారు. బరువు పనులు చేయకూడదు. చేతికర్ర పట్టుకుని, మధ్యమధ్య ఆగుతూ సెలూన్‌కు వచ్చాడు. రత్నం కుర్చీలో ఇంకొకరున్నారు. నాది ఖాళీగా ఉంది. ఆమె కోసం ఆగుతాడనుకుని, నేను కత్తెరలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

కుర్చీ కిర్రుమంది. తిరిగి చూస్తే నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

మెడకు గుడ్డ కట్టాను. ముడి రెండుసార్లు జారింది. ఆసుపత్రిలో పెరిగిన గడ్డం తెల్లగా, దట్టంగా ఉంది. నురగ పట్టించాను. కత్తి అందుకున్నాక వంగాలి, దూరం నుంచి గడ్డం గీయలేం. వంగలేక అలాగే నిలబడిపోయాను.

“ఏటి సూస్తావు,” అన్నాడు సన్యాసి. “గియ్యి.”

రత్నం పొద్దున సరేనంది. డాక్టర్ నిన్న సరేనంది. అవి రెండూ తలుచుకుని వంగాను. చెంప గీశాను, దవడ గీశాను. అతను కళ్ళు మూసుకోలేదు, పైకప్పు వైపు చూస్తున్నాడు. నోరు తెరిచి, నోటితోనే గరగరమంటూ ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ వాయువు లోపలికి పోయినప్పటి నుంచి అతను అలాగే తీసుకుంటున్నాడని డాక్టర్ చెప్పింది. అందుకే కావచ్చు. నా వాసన తగలకూడదనీ కావచ్చు. నాకు తెలిసే దారి లేదు, అడిగే ముఖమూ లేదు.

గడ్డం కింద నెమ్మదిగా, వెంట్రుకలకు ఎదురు గీయకుండా, మాస్కు అంచు పట్టేంత నున్నగా గీశాను. పటిక రాసేదాకా కూర్చున్నాడు.